ఆ ఖర్చు ఎవరి కోడ్ మీద?

మార్చి 8న గులాబీలు పంచేవాళ్లమనే మా గురించి ఆఫీసులో సగం మంది అనుకుంటారు. పంచిన మాట నిజమే. ఒక ఏడాది పొయ్యి లేని వంటల పోటీ కూడా పెట్టాం. నెట్‌వర్కింగ్ టీమ్‌ కుర్రాడొకడు భేల్‌పురి కలిపి ఫస్టు ప్రైజు కొట్టేశాడు. అలాంటివాటిని నేను చిన్నచూపు చూడను. జనం ఒకచోట చేరితేనే కదా మాటలు బయటికొచ్చేది! కానీ మర్నాటి నుంచి మిగతా ఏడాదంతా మేం చేసే పని వేరు. అందులో నేను నేర్చుకున్నదంతా ఒక్క ప్రశ్నగా చెప్పమంటే ఇలా చెబుతాను: ఈ ఖర్చు ఎవరి కోడ్ మీద పడుతోంది?

ఇక్కడ కోడ్ అంటే ప్రోగ్రామ్ కాదు, కాస్ట్ సెంటర్ కోడ్. పెద్ద కంపెనీలో ప్రతి రూపాయికీ ఒక నంబరు తగిలించి ఉంటుంది. ఆ నంబరు వెనక ఒక మేనేజర్ ఉంటాడు. ఏడాది చివర అతని పనితనం తేల్చేది ఆ లెక్కలతోనే. సమానత్వం మీద మీరెంత బాగా మాట్లాడినా అతను చప్పట్లు కొట్టి, సీటుకెళ్లి, తన కోడ్ చూసుకుంటాడు. అతను చెడ్డవాడేం కాదు. ఆ కుర్చీలో మీరున్నా నేనున్నా అదే చేస్తాం.

నేను గచ్చిబౌలిలో ఒక అమెరికన్ కంపెనీ జీసీసీలో పనిచేస్తాను. జీసీసీ అంటే కంపెనీ తన సొంత పనికి తానే ఇక్కడ పెట్టుకున్న ఆఫీసు. టెస్టింగ్‌లో చేరాను. ఎవరూ పట్టించుకోని బగ్గును పట్టించుకునేలా ఎలా రాయాలో అక్కడే నేర్చుకున్నాను. ఇప్పటి పనికి అదే పెట్టుబడి. ఉద్యోగుల నెట్‌వర్కుల పని మొదట్లో షిఫ్టు అయ్యాక చేసేదాన్ని. తర్వాత కంపెనీ దాన్నే నా ఉద్యోగం చేసింది.

ఈ నెట్‌వర్కులను మేం ఈఆర్జీలంటాం. ఆడవాళ్లది ఒకటి, వికలాంగులది ఒకటి, ఎల్‌జీబీటీ ఉద్యోగులది ఒకటి, పసిపిల్లల తల్లిదండ్రులది ఒకటి. ప్రతిదానికీ ఒక చార్టర్, ఇద్దరు లీడ్లు, పై అంతస్తు నుంచి ఒక స్పాన్సర్ ఉంటారు. ఆ వర్గానికి చెందకపోయినా పక్కన నిలబడే అలైలు ఉంటారు. బడ్జెట్ అంతంతమాత్రం. ఈ పద్ధతికి మూలం జిరాక్స్. అవును, మన వీధి చివర షాపు బోర్డు మీద కనిపించే ఆ జిరాక్సే. 1964లో కంపెనీ సొంత ఊరు రోచెస్టర్‌లో జాతి అల్లర్లు చెలరేగాయి. అప్పటి అధిపతి జోసెఫ్ విల్సన్ నల్లజాతివాళ్లకు ఉద్యోగాలిచ్చే పని పట్టించుకున్నాడు. ఉద్యోగాలైతే వచ్చాయి గానీ, సేల్స్‌లో కమిషన్ బాగా వచ్చే ఏరియాలు మాత్రం తెల్లవాళ్లకే వెళ్లేవి. దాంతో నల్లజాతి ఉద్యోగులు తమలో తాము కూడి, 1970లో నేషనల్ బ్లాక్ ఎంప్లాయీస్ కాకస్‌గా ఏర్పడ్డారు. గమనించండి, వాళ్లు అడిగింది గౌరవ దినోత్సవం కాదు, ఏరియాల పంపకం. ఎవరికి ఏ వీధి, ఎంత కమిషన్. మన పని పుట్టుకలోనే లెక్కల పుస్తకం ఉంది.

నాకు ఈ విద్య నేర్పిన మొదటి గురువు హెచ్‌ఆర్ మనిషి కాదు. మా ట్రాన్స్‌పోర్ట్ డెస్క్ సూపర్‌వైజర్. నల్లగొండ వైపాయన. ఆడవాళ్ల నెట్‌వర్క్‌కు నేను లీడ్‌గా ఉన్న కొత్తలో, నైట్ షిఫ్టుల్లో అమ్మాయిలు ఎందుకు తక్కువగా ఉన్నారో తేల్చడానికి ఒక సర్వే చేసి, రంగురంగుల స్లైడ్లు తయారుచేశాను. ఆయన వాటిని చూసి, "మేడం, మీరు పైన బొమ్మలు చూపిస్తున్నరు. రాత్రి రెండున్నరకు కిందికి రండి, అసల్ కథ నేను చూపిస్త" అన్నాడు.

వెళ్లాను. బేస్‌మెంట్‌లో క్యాబులు వరసగా నిలబడి ఉన్నాయి. ఆయన చేతిలో ట్రిప్ షీట్ ఉంది. రూటు, బండి నంబరు, డ్రైవర్ పేరు, ఎక్కేవాళ్ల పేర్లు, దిగే వరస, దిగిన టైము, సంతకం. చివరి గడి ఎస్కార్ట్‌ది. అమ్మాయి మొదటి పికప్ అయినా, చివరి డ్రాప్ అయినా బండిలో గార్డు ఉండాలి. 2005 డిసెంబర్‌లో బెంగళూరులో ఒక కాల్‌సెంటర్ ఉద్యోగిని క్యాబ్ డ్రైవర్ చేతిలో హత్యకు గురయ్యాక చాలా కంపెనీలు ఈ కట్టుబాటు బిగించాయి. సరే, నియమం మంచిదే. ఆయన వేలు పెట్టి చూపించింది దాని పక్కన ఉన్న చిన్న అంకెల్ని. మెహదీపట్నం, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, హయత్‌నగర్ రూటు. హయత్‌నగర్ అమ్మాయి చివర దిగుతుంది. గార్డు అంత దూరం వెళ్లి, అదే బండిలో వెనక్కి రావాలి. గార్డు కూలీ, తిరుగు కిలోమీటర్లు, అన్నీ ఆ అమ్మాయి ప్రాజెక్టు కోడ్ మీద పడుతున్నాయి. ఆమె స్థానంలో హయత్‌నగర్ అబ్బాయి ఉంటే ఆ ఖర్చే లేదు.

ఇక చెప్పాల్సిందేముంది? రోస్టర్ వేసే మేనేజర్ ఎవరికీ ఏమీ చెప్పడు, ఎక్కడా రాయడు. ఊరికే, నైట్ షిఫ్టుకు అబ్బాయిల పేర్లు పెడతాడు. అడిగితే "ఆడవాళ్లే వద్దంటారండీ" అంటాడు. మేం ఆడవాళ్లనే అడిగాం. "మమ్మల్ని అడిగిందెవరు?" అన్నారు. నైట్ అలవెన్స్ పోతే పోయింది. అమెరికా వాళ్లు మెలకువగా ఉండే వేళ వాళ్లతో నేరుగా మాట్లాడి పేరు తెచ్చుకునే అవకాశం పోయింది. ఆ తర్వాత ప్రమోషన్ల లిస్టు చూసి, అమ్మాయిల పేర్లు లేవేంటని అందరం ఆశ్చర్యపోతాం.

ఎస్కార్ట్ ఖర్చును ప్రాజెక్టుల మీద నుంచి తీసి ఫెసిలిటీస్ ఉమ్మడి కోడ్ మీద వేయమని అడిగాం. ఫైనాన్స్ కంట్రోలర్ కళ్లజోడు సర్దుకుని, "మొత్తం మీద కంపెనీకి అయ్యేది అంతే కదమ్మా, తేడా ఏముంది?" అన్నాడు. అదే మా వాదన. కంపెనీకి పైసా పెరగదు, చోటు మారుతుందంతే. పైసా పెరగదనేసరికి ఆయనకు అభ్యంతరం లేకపోయింది. కొన్నాళ్లకు, ఎవరూ ఎవరికీ ఉపన్యాసం ఇవ్వకుండానే, రోస్టర్లలో ఆడపేర్లు కనిపించడం మొదలైంది. ట్రాన్స్‌పోర్ట్ అన్న ఒక రాత్రి ఫోన్ చేసి, "మేడం, ఎస్కార్టులు సాలుతలేరు" అని ఫిర్యాదు చేశాడు. నా ఉద్యోగంలో నేను విన్న అతి తీయని ఫిర్యాదు అది.

అందుకే చెబుతున్నా, ఫైనాన్స్ దగ్గరికి న్యాయం గురించి మాట్లాడ్డానికి వెళ్లకండి. న్యాయం మీ ఫైల్లో ఉండనివ్వండి. కోడ్ మార్చమని అడగండి.

ఇదే సూత్రం వికలాంగుల నెట్‌వర్క్‌లో ఇంకా పదునుగా పనిచేసింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రైవేటు కంపెనీ అయినా సమాన అవకాశాల విధానం రాసి ప్రకటించాలని చెప్పింది. విధానం మాకూ ఉంది, చక్కటి ఫ్రేములో. అదే సమయంలో కంప్లయన్స్ టీమ్‌లో చూపు లేని సహోద్యోగి ఒకాయన ప్రతి నెలా తన జీతమెంతో పక్క సీటు అతన్ని అడిగి తెలుసుకునేవాడు. పే స్లిప్ పీడీఎఫ్‌గా వచ్చేది గానీ లోపల ఉన్నది అక్షరాలు కాదు, బొమ్మ. స్క్రీన్ రీడర్ దాన్ని తెరిచి 'ఖాళీ' అని చదివేది. జీతం పడిన రోజు ఆయనకు వినపడేది అదే మాట.

ఆయన వాడే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ. ఆస్ట్రేలియాలో చూపు లేని ఇద్దరు స్నేహితులు 2006లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. కాబట్టి ఖర్చు సాఫ్ట్‌వేర్‌ది కాదు. పేరోల్ వెండర్ టెంప్లేట్ మార్చడానికి అడిగే మార్పు రుసుముది. పేరోల్ వాళ్లు "అది హెచ్‌ఆర్ అవసరం" అన్నారు. హెచ్‌ఆర్ వాళ్లు "అది ఐటీ పని" అన్నారు. ఐటీ వాళ్లు ఆయన మేనేజర్ కోడ్ అడిగారు. ఒక మనిషి తన పే స్లిప్ తాను చదువుకోవడానికి అతని టీమ్ డబ్బు కట్టాలట! ఈ మెయిళ్ల చెయిన్‌ని ప్రింటు తీసి, మా స్పాన్సర్ ముందు బల్ల మీద పరిచాను. వివరించలేదు. ఆయన మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, "దీనికి ఒక ఉమ్మడి ఫండ్ పెట్టండి" అన్నాడు.

ఆ ఫండ్ వచ్చాక జరిగిన అసలు మార్పు పే స్లిప్పుల్లో కాదు, ఇంటర్వ్యూల్లో. అంతకుముందు బధిర అభ్యర్థి ఎదురుగా కూర్చున్నప్పుడు ప్యానెల్‌లో ఉన్న మేనేజర్ మనసులో ఒక లెక్క నడిచేది: ఇతన్ని తీసుకుంటే మీటింగ్ మీటింగుకీ సైగల భాష ఇంటర్‌ప్రెటర్, ఆ డబ్బు నా నెత్తిన. ఫీడ్‌బ్యాక్ ఫారంలో మాత్రం 'కమ్యూనికేషన్ స్కిల్స్ మెరుగుపడాలి' అని రాసేవాడు. ఫండ్ వచ్చాక అతని నెత్తిన పడేదేమీ లేదు. ఆ వాక్యం రాయడం పూర్తిగా మానేశారని అనను. తగ్గింది.

ఇంటర్‌ప్రెటర్ల మాట వచ్చింది కాబట్టి పనికొచ్చే సంగతి ఒకటి. గంట మీటింగుకు ఒక్కరిని పిలవకండి, ఇద్దరిని పిలవండి. ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట, అంతకు మించి ఒకరే చేస్తే చేతులకన్నా ముందు బుర్ర అలసిపోతుంది, అర్థాలు జారతాయి. వాళ్లను లైటు కింద నిలబెట్టండి. ఒక టౌన్‌హాల్‌లో ఈవెంట్ వాళ్లు వీడియో వేసేటప్పుడు హాలు మొత్తం చీకటి చేశారు. ఇంటర్‌ప్రెటర్ చీకట్లో చేతులు తిప్పుతూనే ఉంది పాపం. బధిర ఉద్యోగులు వరసగా ఫోన్ల టార్చ్‌లు వెలిగించి ఆమె మీద వేశారు. ఆ ఫొటో చూసి "ఎంత అందంగా ఉంది!" అని ఇంట్రానెట్‌లో పెట్టబోయింది కమ్యూనికేషన్స్ టీమ్. ఆపాను.

ఇక తల్లుల గది. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి సెలవును 26 వారాలు చేశారు. 50 మంది, అంతకు మించి ఉన్న సంస్థలో పిల్లల సంరక్షణ గది ఉండాలని, తల్లి రోజుకు నాలుగు సార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని కూడా చేర్చారు. చాలామంది మేనేజర్లకు 26 మాత్రమే గుర్తుంటుంది. మాకు క్రెష్‌తో పాటు ఆరో అంతస్తులో పాలు తీసుకునే గది కూడా ఒకటి ఉండేది. అందులో ఎప్పుడు చూసినా డైరెక్టర్లు ఉండేవారు! ఎందుకంటే ఫెసిలిటీస్ వాళ్లు గదులన్నింటినీ ఒకే బుకింగ్ లిస్టులో పెట్టారు. తలుపు మూస్తే చప్పుడు బయటికి రాదు కాబట్టి, అప్రైజల్ మాటలకు ఇంతకన్నా మంచి గది లేదని ఆ అంతస్తు కనిపెట్టింది. తల్లులేమో బాత్‌రూమ్‌లో నిలబడి పంపు వాడుకుంటున్నారు.

గదిని లిస్టులోంచి తీయించడం తేలిక. ఆ తర్వాతే అసలు పని. మా పేరెంట్స్ నెట్‌వర్క్‌లో కొత్తగా తల్లయిన అమ్మాయిని తీసుకుని వెళ్లి, "నువ్వు రోజూ చేసేదంతా నాకు చేసి చూపించు" అన్నాను. కూర్చుంది. ప్లగ్ పాయింటు సోఫా వెనక ఉంది. పంపు వైరు అక్కడికి అందదు. సోఫా మెత్తనిది, ముందుకు వంగితే వెన్ను పట్టేస్తుంది, చేతులు ఆన్చడానికి చెయ్యి లేదు. చున్నీ తగిలించడానికి కొక్కెం లేదు. కడుక్కోవడానికి సింకు కారిడార్ అవతల. ఫ్రిజ్ తెరిస్తే పాల సీసా పెట్టే చోట ఎవరిదో గోంగూర మటన్ డబ్బా. తలుపుకి లోపలి గడియ ఉంది గానీ, 'లోపల మనిషి ఉన్నారు' అని బయటికి తెలిసే గుర్తు లేదు. చప్పుడైన ప్రతిసారీ ఆ పిల్ల తలుపు వైపు చూస్తోంది. అలా ఉలిక్కిపడుతుంటే పాలు ఎక్కడినుంచి వస్తాయి? ప్లగ్గు, చేతుల కుర్చీ, కొక్కెం, గడియతో పాటు తిరిగే ఎరుపు-పచ్చ గుర్తు, తాళం ఉన్న చిన్న ఫ్రిజ్. అన్నీ కలిపి ఒక ఆఫ్‌సైట్ లంచ్ బిల్లు కన్నా తక్కువే అయింది. యాక్సెస్ కార్డుల లిస్టు మాత్రం హెచ్‌ఆర్ దగ్గర పెట్టనివ్వలేదు. మెడికల్ రూమ్‌లో నర్సు దగ్గర పెట్టించాను. ఎవరు బిడ్డను కన్నారో, ఎవరు ఎన్నాళ్లు పాలిస్తున్నారో అప్రైజల్ చేసేవాళ్లకు తెలియాల్సిన పని లేదు.

అప్రైజల్ అంటే గుర్తొచ్చింది. బెల్ కర్వ్ ఉన్నచోట ప్రతి టీమ్‌లో ఒకరికి కింది రేటింగ్ ఇచ్చి తీరాలి. ఆ ఒకరుగా, సెలవులో ఉండి పోట్లాడలేని మనిషిని చూసుకుంటారు. బాలింత కంటే అనువైన మనిషి ఎవరు? అందుకని ప్రసూతి సెలవులో ఉన్నవాళ్లను ఆ లెక్కలోంచే తీసేయించాం. కర్వ్‌ను లెక్కించేటప్పుడు వాళ్ల తలలు కలపరు, పనిచేసిన నెలలకే రేటింగ్ ఇస్తారు. ఈ ఒక్క లైను కోసం కాంపెన్సేషన్ టీమ్‌తో పడిన తంటా రాస్తే ఇంకో వ్యాసమవుతుంది.

నా రెండో గురువు మా ఐసీలోని బయటి సభ్యురాలు, లాయర్ మేడం. ఐసీ అంటే లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ. రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపబోయిన భన్వరీదేవి మీద 1992లో జరిగిన అత్యాచారం, దాని వెనక 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన విశాఖ తీర్పు, 2013లో వచ్చిన చట్టం, ఇంత దూరం నడిచి వచ్చింది ఆ కమిటీ. పదిమంది ఉద్యోగులున్న ప్రతి చోటా ఉండాలి. మేడం నన్ను మొదటి రోజే కూర్చోబెట్టి, "నీ నెట్‌వర్క్ వేరు, మా కమిటీ వేరు. ఈ గీత నువ్వు దాటితే, దెబ్బ తగిలేది ఆ పిల్లకి" అంది.

గీత ఎక్కడుందో చెబుతాను, రాసుకోండి. ఎవరైనా వచ్చి మాట్లాడుకోగలిగే మా ఓపెన్ అవర్‌కు వచ్చి ఒకమ్మాయి ఏడుస్తూ మొదలుపెడుతుంది. మంచినీళ్లివ్వండి. వినండి. గుచ్చి గుచ్చి అడగకండి, అది విచారణ. 'నేను చూసుకుంటా' అనకండి, మీరు చూసుకోలేరు. పేర్లు నోట్ చేసుకోకండి, రేపు ఆ నోట్‌బుక్ కాగితమై ఎదురొస్తుంది. 'అతను అలాంటివాడు కాదే' అని పొరపాటున కూడా నోరు జారకండి. చెప్పాల్సినవి చెప్పండి: చివరి ఘటన జరిగిన నాటి నుంచి మూడు నెలల్లో ఫిర్యాదు రాసివ్వాలి. కారణం చూపిస్తే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. రాజీ అనేది ఆమె కోరితేనే, అదీ డబ్బు ప్రసక్తి లేకుండా. విచారణ 90 రోజుల్లో ముగియాలి. రాయడం చేతకాకపోతే సాయం చేయడం కమిటీ బాధ్యత. ఆమె కమిటీ గది దాకా వెళ్తానంటే తోడు వెళ్లండి. తలుపు దగ్గర ఆగిపోండి. ఆ తర్వాత ఏమైందని ఆమెను గానీ, మేడంను గానీ ఎన్నడూ అడగకండి. మన పనిలో ఇదే కష్టం. కథ సగంలో వదిలేసి రావాలి.

సెల్ఫ్-ఐడీ అని ఇంకోటుంది. ఉద్యోగులు తమ వైకల్యం గురించో, లైంగికత గురించో ఇష్టమైతే సిస్టమ్‌లో చెప్పుకోవచ్చు. డేటా రాగానే డాష్‌బోర్డు మీద ప్రతి టీమ్‌కీ విడివిడిగా వేయమంటారు పైవాళ్లు. వేయకండి. ఐదుగురి టీమ్‌లో 'ఒకరు' అని చూపిస్తే, మధ్యాహ్నం భోజనాల వేళకు ఆ ఒకరెవరో తేలిపోతుంది. ఒక మోతాదు కన్నా చిన్న గుంపును చూపించకూడదని మొదటే రాయించుకోండి.

మా ఆఫీసులో ఒక ట్రాన్స్ ఉద్యోగి పేరు మార్పు కోసం వచ్చినప్పుడు నేర్చుకున్న కిటుకు కూడా చెప్పాలి. పేరోల్, పీఎఫ్, బీమా, వీటికి ప్రభుత్వ కాగితాలు కావాలి, టైము పడుతుంది. ఆ సాకు చెప్పి, అన్నీ ఒకేసారి మారుస్తామంటూ ఆపేస్తారు. ఒప్పుకోవద్దు. ఈమెయిల్లో కనిపించే పేరు, మెడలో ఐడీ కార్డు, సీటు దగ్గర నేమ్‌ప్లేట్, ఈ మూడింటికీ ఏ ఆఫీసు ముద్రా అక్కర్లేదు, ఆ మధ్యాహ్నమే అయిపోతాయి. రోజంతా మనిషిని పిలిచేది ఆ మూడింటితోనే. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం ప్రకారం ప్రతి సంస్థలోనూ ఒక ఫిర్యాదుల అధికారి ఉండాలి. మీ ఆఫీసులో ఎవరో కనుక్కోండి. ఆయనకే తెలియకపోవచ్చు, తెలియజేయండి.

లీడ్ల సంగతి. వాళ్లు ఇదంతా ఊరికే చేస్తారు. రెండేళ్లకు అలసిపోతారు, ఎక్కువగా ఆడపిల్లలే. వాళ్లకు మెమెంటోలిచ్చి ఫొటో తీయడం నాకు నచ్చదు. టైమ్‌షీట్‌లో నెట్‌వర్క్ పనికి ఒక కోడ్ తెరిపించడం నేను గర్వంగా చెప్పుకునే పని. వారానికి కొన్ని గంటలు అందులో వేసుకోవచ్చు. అప్పటిదాకా "మీ సోషల్ వర్క్ అయిందా?" అని వెటకారం చేసిన మేనేజర్లు, సిస్టమ్‌లో కోడ్ కనబడగానే "ఈ వారం నెట్‌వర్క్ గంటలు ఎన్ని?" అని అడగడం మొదలుపెట్టారు. గౌరవం అనేది ఒక్కోసారి డ్రాప్‌డౌన్ మెనూలోంచి వస్తుంది.

స్పాన్సర్ ఎంపికలో జాలిగుండె వాళ్ల కన్నా సంతకం చెల్లేవాళ్లను చూసుకోండి. "నాకూ ఇద్దరు ఆడపిల్లలున్నారు" అని మొదలయ్యే ప్రసంగాలు నేను లెక్కలేనన్ని విన్నాను. వినండి, తల ఊపండి, చివర్లో ఒకే ఒక్క కాగితం ముందు పెట్టండి. రెండు పెడితే రెండూ ఆగిపోతాయి.

2025 జనవరిలో ట్రంప్ అమెరికా ప్రభుత్వ శాఖల్లో ఇలాంటి సమానత్వ కార్యక్రమాలు ఎత్తేస్తూ ఉత్తర్వులిచ్చాక అక్కడి పెద్ద కంపెనీలు కొన్ని వెనక్కి తగ్గాయి. మా హెడ్డాఫీసు నుంచి కూడా పేర్లు మార్చమని కబురొచ్చింది. బోర్డులు మార్చాం, స్లైడ్లు మార్చాం. ఇక్కడి కుర్రకారు బెంబేలెత్తారు, అంతా అయిపోయిందని. ఆ వారం లీడ్లందరినీ కూర్చోబెట్టి, చేసే ప్రతి పని పక్కనా ఒక భారతీయ చట్టం పేరు రాయించాను. క్రెష్, ప్రసూతి చట్టం. ఇంటర్‌ప్రెటర్, వికలాంగుల చట్టం. ఓపెన్ అవర్, 2013 చట్టం. వాషింగ్టన్‌లో ఎవరు గెలిచినా గచ్చిబౌలిలో ఇవి చెల్లుతాయి. చట్టం పేరు తగిలించలేని పనులు కొన్ని మిగిలాయి. వాటికి డబ్బు కోశారు. పొయ్యి లేని వంటల పోటీ అందులోనే పోయింది.

నా ప్రశ్నకు లొంగనివి రెండున్నాయి. మొదటిది హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు. మా క్రెష్ గచ్చు తుడిచే ఆమె బిడ్డను ఆ క్రెష్‌లో పెట్టలేదు. ఖర్చు ఎవరి కోడ్ మీద అంటే, వెండర్‌ది అంటారు మావాళ్లు. కాంట్రాక్టులో లేదంటాడు వెండర్. 2013 చట్టంలో కాంట్రాక్టు మనుషులూ ఉద్యోగులే కాబట్టి, ఐసీ గురించి వాళ్లకు చెప్పే హక్కు మాత్రం సంపాదించాం. మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ, బేస్‌మెంట్‌లో, తెలుగులో మాట్లాడతాం. వాళ్ల సూపర్‌వైజర్ అక్క ఒకసారి, "ఇవన్నీ సరేగానమ్మా, ముందు కూసోడానికి ఒక కుర్సీ ఇప్పించు" అంది. కుర్చీలు వచ్చాయి. క్రెష్ ఇంకా రాలేదు. వచ్చే ఏడాది వెండర్ కాంట్రాక్టు మళ్లీ రాసేటప్పుడు అందులో ఒక లైను పెట్టించాలని చూస్తున్నాను.

రెండోది కులం. దీనికి అసలు కోడే లేదు, ఎవరికీ రూపాయి ఖర్చు కాదు, కాబట్టి బేరానికి చోటే లేదు. 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం ఒకటి సిస్కో మీద కులవివక్ష కేసు వేసినప్పుడు, 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించినప్పుడు, మా అమెరికా వాళ్లు కాల్‌లో "దీని గురించి మీరే మాకు చెప్పాలి" అన్నారు. కాల్‌లో సగం మంది తెలుగువాళ్లం. అందరం మ్యూట్‌లో ఉన్నాం. నోరు తెరిచి అడిగితే "మా ఆఫీసులో అలాంటివేం లేవు" అంటారు. అంటున్న మనిషే కొత్తగా చేరిన పిల్లాణ్ని క్యాంటీన్‌లో "ఏ ఊరు? ఇంటిపేరేంటి? ఏ వీధి?" అని వరసగా అడిగి, సమాధానం దొరికాక ప్లేటు తీసుకుని లేస్తాడు.

కులం పేరుతో నెట్‌వర్క్ పెడదామంటే ఎవరు చేరతారు? చేరితేనే తెలిసిపోతుంది కదా. ఇద్దరు ముగ్గురు నాతో విడిగా, ఆఫీసు బయట, టీ కొట్టు దగ్గర మాట్లాడారు. వాళ్లు చెప్పినవాటిల్లో కాగితం మీద పెట్టగలిగింది ఒకటే దొరికింది: రెఫరల్స్. మనవాణ్ని మనవాడు తెస్తాడు, మనవాడే ప్యానెల్లో కూర్చుంటాడు, కొన్నాళ్లకు టీమ్ మొత్తం ఒకే జిల్లా, ఒకే చుట్టరికం. రెఫర్ చేసినవాళ్లు గానీ, వాళ్ల పై మేనేజర్ గానీ ఆ ఇంటర్వ్యూ ప్యానెల్లో ఉండకూడదని నియమం అడిగాం. కులం ఊసెత్తకుండా, నాణ్యత పేరుతోనే అడిగాం. రిక్రూట్‌మెంట్ హెడ్ ఒప్పుకున్నాడు. ప్రవర్తనా నియమావళిలో జాతి, మతం, లింగం వరసలో 'కులం' అన్న మాట చేర్చాలన్న ప్రతిపాదన మాత్రం లీగల్ వాళ్ల దగ్గరుంది. గురువారం రివ్యూ ఉంది. ఈసారి స్పాన్సర్‌ను కూడా కాల్‌లోకి లాగాను, మ్యూట్ తీసి మాట్లాడాలన్న షరతు మీద.